దూడ లేదు, గీడ లేదు

మా ఊళ్లో మా అమ్మ గురించి ఎవరిని అడిగినా ముందు దూడ కథ చెబుతారు. 1980లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన రోజున ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంటే, నిండు కడుపుతో ఉన్న నారాయణమ్మ పెరట్లోకి వెళ్లింది. ఎందుకు వెళ్లింది? పాపం, దూడ పలుపు తెంపుకుంది, కట్టేద్దామని వెళ్లింది. అంతలో గ్రహణం నీడ కడుపు మీద పడింది. పుట్టిన ఆడపిల్లకి పై పెదవి ముక్కు దాకా చీలిపోయి ఉంది. ఆ ఆడపిల్లని నేనే, పేరు శైలజ. ఈ కథ అల్లింది మా నాన్న అప్పలసూరి. ఇంటి పరువు నిలబెట్టడానికి తను అల్లిన ఆ కథని ఆయన ముప్ఫై రెండేళ్లు మోశాడు.

ఎవరైనా ఆ కథ చెబుతుండగా మా అమ్మ పక్కనుంటే మాత్రం ఒకే మాట అనేది.

"దూడ లేదు, గీడ లేదు. సూద్దామని ఎల్లాను."

దాంతో నాన్న ముఖం మాడిపోయేది. చెబుతున్నవాళ్లు నోళ్లు మూసుకునేవారు. ఆమె మాత్రం ఏమీ జరగనట్టు చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేది.

మాది బొబ్బిలికి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఊరు. పల్లంలో వరి, మెట్టలో చోళ్లు, అంటే రాగులు, నువ్వులు వేస్తారు. నాన్న అమ్మకి మేనమామ వరస. అందుకే ఆయన్ని "మావా" అని పిలుస్తుంది, తిట్టేటప్పుడు కూడా అలాగే పిలుస్తుంది.

నాకున్న లోపానికి తెలుగులో గ్రహణమొర్రి అని పేరు. పేరులోనే నేరం ఉంది, నేరం చేసిన మనిషీ ఉంది. పిల్ల పెదవి చూడగానే జనం తల్లి వైపు తిరుగుతారు. గ్రహణం పట్టినప్పుడు నువ్వెక్కడున్నావు, ఏం కోశావు, ఏం చూశావు అని ఆరా తీస్తారు. తండ్రిని ఎవరైనా ఆ ప్రశ్న అడగగా నేను ఇంతవరకూ వినలేదు.

పుట్టినప్పుడు నాకు రొమ్ము పట్టడం రాలేదట. పాలు ముక్కులోంచి వచ్చేసేవట. మా నాయనమ్మ గురమ్మ, ఇది నిలిచే పిల్ల కాదు, ఎందుకీ యాతన, ఒగ్గేయ్ అందట. అమ్మ నన్ను ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకుని, ఉగ్గుగిన్నెతో నాలుక వెనక్కి చుక్క చుక్కగా పాలు పోసిందట. నెలల తరబడి అదే పని. నాయనమ్మ పోయేదాకా అమ్మతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు గానీ, బతికి బట్టకట్టిన నన్ను మాత్రం తెగ ముద్దు చేసేది. మనుషులు అలాగే ఉంటారు.

తొమ్మిదో ఏట విశాఖపట్నంలో నా పెదవికి కుట్లు వేశారు. మచ్చ మిగిలింది, మాటలో కాస్త ముక్కు మిగిలింది. బడిలో నన్ను "గ్రహణం" అని పిలిచేవారు. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చి, ఎందుకు వెళ్లావు అని అమ్మని నిలదీశాను. ఆవిడ చోళ్లు చెరుగుతోంది. చేట ఆపకుండానే, సూడాలనిపించినాది, ఎల్లాను అంది. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పయిపోయిందమ్మా అని ఒక్క మాట అంటే ఆమె సొమ్మేం పోయింది? దూడ కథ నిజమైతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను.

నాన్న మాత్రం ఆమె చేత తప్పయిపోయిందన్న మాట అనిపించాలని పట్టుపట్టాడు. ఆయన లెక్కలో అమ్మ తప్పు చేసింది సూర్యుడికి. అందుకని ప్రతి రథసప్తమికీ మా ఇద్దరినీ శ్రీకాకుళం తీసుకెళ్లి, అరసవల్లి గుళ్లో గంటల కొద్దీ వరసలో నిలబెట్టి, స్వామి ముందు క్షమాపణ అడగమనేవాడు. అమ్మ కిమ్మనకుండా వచ్చేది. చుట్టూ అందరూ కళ్లు మూసుకుని దండం పెడుతుంటే ఆవిడ కళ్లు విప్పార్చుకుని విగ్రహం వైపు చూస్తూ నిలబడేది. తిరుగు బస్సులో నాన్న, అడిగావా అనేవాడు. సూశాను అనేది అమ్మ. 

నాకు పెళ్లి ఆలస్యమైంది. ఎందుకో చెప్పనక్కర్లేదు. చివరికి బొబ్బిలిలో నెట్ సెంటరు నడుపుతున్న మురళీమోహన్ చేసుకున్నాడు. మెత్తటి మనిషి, చదివిందల్లా నమ్మే మనిషి. పెళ్లయిన ఆరేళ్లకి, 2012లో, నాకు నెల తప్పింది. తొమ్మిదో నెల వచ్చేసరికి పురిటికి పుట్టింట్లో ఉన్నాను. అది డిసెంబరు. యుగాంతం డిసెంబరు.

గుర్తుండే ఉంటుంది. ఇరవయ్యొకటో తేదీన నిబిరు అనే గ్రహం వచ్చి భూమిని గుద్దేస్తుందని ఒకటే గోల. టీవీ పెడితే చాలు, ఎర్రటి ముద్ద ఒకటి మంటలు కక్కుకుంటూ వచ్చి భూమికి తగిలేది, వెనక డప్పులు మోగేవి. ప్రకటనలు వచ్చేవి, మళ్లీ వచ్చి తగిలేది. మా వీధిలో రాముడనే అతను ప్రాణంగా పెంచుకున్న పందెం పుంజుని కోసుకుని తినేశాడు. కళ్లాల్లో వరి కుప్పలు అలాగే ఉన్నాయి. నూర్చి ఎవరికి పెట్టాలి అన్నారు. మా ఆయనైతే నెట్‌లో దొరికినదంతా ప్రింటు తీసి తెచ్చి మా నాన్నకి చదివి వినిపించాడు. మామా అల్లుళ్లకి అంత చక్కగా కుదరడం నేను అప్పుడే చూశాను.

ఆ టీవీలోనే ఒక జ్యోతిష్కుడు, ఆ గ్రహం నీడ అమావాస్య నుంచే గర్భాల మీద పడుతుందని, కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణానికి ఉన్నట్టే ఉండాలని చెప్పాడు. గ్రహణమైతే పూటలో విడుస్తుంది. ఇది వారం పైచిలుకు. నాన్న రెండో మాట వినలేదు. కార్తీక అమావాస్య నాడు నన్ను వెనక గదిలో పెట్టారు. కిటికీకి లోపల్నుంచి పాత పేపర్లు అంటించారు. నీళ్ల బిందెలో, అన్నం మీద దర్భ వేశారు. గదిలో కత్తి, సూది, కత్తెర ఏదీ ఉండకూడదు. వెల్లకిలా పడుకోవాలి, ఒళ్లు ముడవకూడదు.

నేను ఎందుకు ఒప్పుకున్నానని మీరు అడగొచ్చు. డిగ్రీ చదివినదాన్నే. కానీ ఆ పెదవితో బతికింది నేను. బడిలో, బస్సులో, పెళ్లిచూపుల్లో ఎదుటివాళ్ల కళ్లు నా కళ్ల దగ్గర ఆగకుండా కిందికి జారడం నాకు తెలుసు. నా బిడ్డకి అది రాకూడదని, దాని కోసం ఏ చీకట్లోనైనా పడుకుంటానని అనుకున్నాను. నాన్నకీ అదే భయం. గది బయట మంచం వేసుకుని కాపలా కూర్చున్నాడు. ఆయన మీద నాకు కోపం ఉంది గానీ, ఆయన చేసింది నా మీద ప్రేమతోనే అని కూడా తెలుసు.

అమ్మ మొదటి రోజునే అడ్డం తిరిగింది. అప్పుడు నేనే ఆమెను కసిరాను. నీలాగా చెయ్యమంటావా అన్నాను. ఆమె నా వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ముప్ఫై రెండేళ్లలో ఆమె నోరు మూయించగలిగింది నేనొక్కదాన్నే.

మా ఊరి నర్సమ్మ గ్లోరీ, బాప్టిస్టు చర్చి కృపానిధి మాస్టారి కూతురు. రెండు రోజుల తర్వాత వచ్చి, నాన్నతో గొడవపడి, టార్చిలైటు వెలుగులో నా బీపీ చూసింది. ఎక్కువగా ఉంది. కాళ్లు నొక్కితే గుంటలు పడుతున్నాయి. వెంటనే బొబ్బిలి ఆసుపత్రికి తీసుకెళ్లమంది. ఇరవయ్యొకటి దాటాక తీసుకెళ్తాం అన్నాడు నాన్న. మా చర్చిలోనూ ఇదే గోల, క్రిస్మస్ బట్టలు కొనాలా మానాలా అని అడుగుతున్నారు అని గ్లోరీ నవ్వి, అంతలోనే ముఖం గట్టిగా పెట్టింది.

"బాబాయ్, బీపీకి తేదీలు తెలీవు. ఇలాగే ఒగ్గేస్తే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరు."

నాన్న తల వంచుకున్నాడు గానీ తలుపు దగ్గర్నుంచి లేవలేదు. వెళ్తూ వెళ్తూ గ్లోరీ అమ్మకి గట్టిగా చెప్పింది. తల పగిలేంత నొప్పి వచ్చినా, కళ్లు మసకలు కమ్మినా, వాంతులైనా ఒక్క క్షణం ఆగొద్దంది. నాకు అప్పటికే తలనొప్పి మొదలైంది. చీకట్లో పడుకుంటే రాదా అనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఆ పూటే అమ్మ ఆటో ఎక్కి బొబ్బిలిలో మా ఆయన నెట్ సెంటరుకి వెళ్లింది. అక్కడేం జరిగిందో ఆయనే తర్వాత నవ్వుతూ చెప్పాడు. వెళ్లీ వెళ్లగానే కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ గ్రహమేదో సూపించు అందట. ఆయన ఎర్రటి ముద్ద బొమ్మలు వరసగా తీశాడు. ఇది ఫోటోవా, ఎవులైనా ఏసిన బొమ్మా అని అడిగిందట. బొమ్మే అన్నాడు. బొమ్మలు నానూ ఏస్తాను, అది ఉన్నదున్నట్టు సూపించు అందట. ఆయన వెతికాడు. ఎంత వెతికినా అన్నీ బొమ్మలే. చదవడం తప్ప చూడడం అనేది తనకి తట్టనే లేదని ఆయన ఇప్పటికీ ఒప్పుకుంటాడు.

వెతగ్గా వెతగ్గా వేరేది ఒకటి దొరికింది. యుగాంతం భయంతో జనం హడలిపోతున్నారని, అమెరికాలో ఎడారి కొండ మీద పెద్ద టెలిస్కోపు ఉన్నవాళ్లు కొందరు దాన్ని నెట్‌కి తగిలించి, ఆకాశాన్ని ఉన్నదున్నట్టు అందరికీ ఉచితంగా చూపిస్తున్నారు. ఎవరైనా చూడొచ్చు, ప్రశ్నలు అడగొచ్చు. అక్కడ రాత్రి మొదలయ్యేసరికి మనకి మర్నాడు పొద్దున్న అవుతుంది. అమ్మ అంతా విని, ఆ పెట్టె మా ఇంటికి పట్టుకురా బాబూ అని చెప్పి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే మురళీమోహన్ ల్యాప్‌టాప్, డేటా కార్డు పట్టుకుని వచ్చాడు. ఊళ్లో కరెంటు లేదు, ఆ ఏడాది ఉంటే వింత. బ్యాటరీ ఉన్నంతసేపే అన్నాడు. నాన్న గది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. పిల్లని బయటికి తేవడం లేదు కదా మావా, ఆకాశాన్నే లోపలికి తెస్తన్నాం అంది అమ్మ. ఆయన అల్లుడి చేతిలో పెట్టె వైపు ఓసారి చూశాడు. పక్కకి తప్పుకున్నాడు.

ల్యాప్‌టాప్‌ని నా మంచం పక్కన స్టూలు మీద పెట్టారు. కిటికీకి పేపర్లు ఉండబట్టి గది చీకటిగా ఉంది, అందువల్ల బొమ్మ చక్కగా కనబడింది. ముందు తెర అంతా నల్లగా ఉంది. తర్వాత ఒక్కొక్కటీ తెల్లటి చుక్కలు తేలాయి. నెరిసిన గడ్డం పెద్దమనిషి ఒకాయన ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. మా ఆయన తెలుగులో చెబుతున్నాడు. నడుమ నడుమ నెట్ ఆగిపోయి ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయేవాడు. అక్కడ నిజంగా ఇప్పుడు రాత్రేనా అని అమ్మ రెండుసార్లు అడిగింది. అవునత్తా అన్నాడు. ఆమె తెర మీదికి వంగింది.

"అయితే మనం పడుకున్నా ఎవులో ఒకలు సూస్తానే ఉంటారన్నమాట."

అవునని తల ఊపాడు. తెరకి ఒక పక్కన, చూస్తున్నవాళ్లు రాసే ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి కారిపోతున్నట్టు వస్తున్నాయి. ఏ దేశమో తెలీదు, ఒకావిడ పిల్లల్ని బడికి పంపనా మాననా అని అడిగింది. మా ఆయన అది చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలా గదుల్లో భయపడుతూ కూర్చున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట.

టెలిస్కోపు కదిలింది. ఈసారి తెల్లటి గుండ్రటి బిళ్ల, దాని మీద సన్నటి గోధుమరంగు చారలు, ఒక పక్కగా వరసలో నాలుగు చుక్కలు. ఇదేనేటి అంది అమ్మ. కాదత్తా, అది గురుడు, ఆ నాలుగూ దాని చందమామలు అన్నాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్న ఆ మాట విని లోపలికి వంగాడు. జాతకాల్లో గురుబలం గురించి జీవితమంతా మాట్లాడిన మనిషి, గురుడు ఎలా ఉంటాడో మొదటిసారి చూస్తున్నాడు. ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

ఆపైన నిబిరు వస్తోందని అందరూ చెప్పుకుంటున్న దిక్కుకి టెలిస్కోపు తిప్పి చూపించారు. అక్కడ చుక్కలే ఉన్నాయి. అమ్మకి అది చాలలేదు, నా ప్రశ్న రాయి అంది. ఏం రాయాలత్తా అన్నాడు. ఏదీ అని రాయి. అంతేనా? అంతే. ఆయన "ఏదీ? ఎక్కడుంది?" అని ఇంగ్లీషులో రాసి, కింద బొబ్బిలి, ఇండియా అని పెట్టాడు.

ఆ పెద్దమనిషి మా ప్రశ్నే చదివాడో, అలాంటివి పదిమంది అడిగితే అందరికీ కలిపి చెప్పాడో నాకు తెలీదు. మాకోసమే చెప్పాడని అమ్మ అనుకుంటుంది, అనుకోనీ. ఆయన చెప్పింది ఇది. నాలుగైదు రోజుల్లో భూమిని గుద్దబోయే గ్రహమే ఉంటే దాన్ని చూడడానికి నా టెలిస్కోపు అక్కర్లేదు. ఈపాటికి చందమామ తర్వాత అంత పెద్ద వెలుగు అదే అయ్యుండేది. బయటికి వెళ్లి తలెత్తితే మీ కళ్లకే కనబడాలి.

"కనబడని గ్రహమైతేనో?" అన్నాడు నాన్న.

"కనబడంది ఉన్నాదని నీకెవులు సెప్పారు మావా?" అని అమ్మ లేచి నిలబడింది. "బయటికెల్తే కనబడాలంట. పదండి, బయటికెల్లి సూద్దాం."

నేను తెర వైపే చూస్తున్నాను. మళ్లీ చుక్కలు చూపిస్తున్నారు. ఎందుకో ప్రతి చుక్కా రెండేసి ఉంది. కళ్లు నులుముకున్నాను. అప్పుడూ రెండే.

"అమ్మా, సుక్కలు రెండేసి కనబడతన్నాయి."

ఒకటేగా ఉంది అన్నాడు మా ఆయన. అమ్మ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. గ్లోరీ చెప్పిన మాట ఆమెకి గుర్తొచ్చింది, నాకూ వచ్చింది. తలనొప్పి ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు. రెండు చంకల కిందా చేతులు వేసి నన్ను మంచం మీంచి లేపింది. మా ఊరి నరసింగరావు ఆటో పిలవమని అల్లుడిని పరుగెత్తించింది.

నాన్న గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఆయనకి కనబడుతున్నది నేను కాదు. ముప్ఫై రెండేళ్ల కిందట ఇదే గుమ్మం దాటి పెరట్లోకి వెళ్లిన మనిషి.

"ఒసే, మళ్లీనా?"

"మళ్లీనే," అంది అమ్మ. "అడ్డు లే మావా."

ఆయన చేతులు దిగిపోయాయి. వాకిట్లోకి రాగానే ఎండ ముఖాన కొట్టింది. ఇన్నాళ్ల చీకటి తర్వాత కళ్లు తెరవలేకపోయాను. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు, ఓలమ్మ, కడుపుతో ఉన్నదాన్ని బయటికి తెచ్చేసిందని గుసగుసలాడారు. అమ్మ నా కొంగు తల మీంచి తీసేసి, ఆటో వచ్చేదాకా నన్ను వీధి మధ్యలో అందరి ముందూ నిలబెట్టింది.

ఇంకో పూట ఆగి ఉంటే ఫిట్స్ వచ్చేవని ఆసుపత్రిలో చెప్పారు. సాయంత్రానికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఏడుపు గట్టిగా వినబడింది. పక్కలో పెట్టినప్పుడు చూశాను. పై పెదవి చీలి ఉంది.

నేను గోడ వైపు తిరిగిపోయాను. దీనికోసమే కదా ఆ చీకట్లో పడుకున్నాను, దీనికోసమే కదా అమ్మని అంత మాట అన్నాను. బయటికి వచ్చినందుకే ఇలా అయిందని ఊరంతా అంటుంది. నాన్న గది గుమ్మంలో నిలబడి ఒక్క మాట కూడా అనలేదు, ఆయన అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

లేడీ డాక్టరు వచ్చి బిడ్డ నోట్లో వేలు పెట్టి చూసింది. నా పెదవి మీద మచ్చ కూడా చూసింది. ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి రావచ్చు, ఏం పర్లేదు, కొన్నాళ్లకి కుట్లు వేసేస్తారు అంది. నేను ఉండబట్టలేక, పొద్దున్న ఎండలోకి వచ్చాను, అందువల్లనా అని అడిగేశాను. ఆవిడ నవ్వింది.

"పొద్దున్న ఏంటమ్మా? కడుపులో మూడో నెల నిండేలోగా పెదవి అతుక్కోవాలి. దీనికి అతుక్కోలేదు. ఆ తర్వాత నువ్వెక్కడ తిరిగినా ఏం చూసినా దీనికి సంబంధం లేదు."

ఆవిడ వెళ్లిపోయింది. నా బుర్ర మాత్రం ఆగలేదు. గ్రహణం పట్టింది మాఘమాసం అమావాస్య నాడు. నేను పుట్టింది ఉగాది వెళ్లిన వారానికి. అమ్మ పెరట్లోకి వెళ్లేసరికి నాకు ఎనిమిదో నెల. నా పెదవి చీలి అప్పటికే నెలలు గడిచాయి. ఈ రెండు సంగతులూ ఊళ్లో అందరికీ తెలుసు. ఒక్కళ్లంటే ఒక్కళ్లు వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. నా పుట్టినరోజు నాకు తెలిసి కూడా నేనూ చూడలేదు. గుమ్మంలోంచి డాక్టరు మాట విన్న నాన్నకీ అదే లెక్క తట్టినట్టుంది, వరండాలో నేల మీద కూలబడ్డాడు.

"అమ్మా," అన్నాను, "నీ తప్పేం లేదు."

"ఉన్నాదని నానెప్పుడన్నాను?" అంది అమ్మ. మనవరాలిని ఒళ్లో నిలువుగా కూర్చోబెట్టుకుంది. సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసింది. పుట్టే బిడ్డ ఎలా ఉన్నా పనికొస్తుందని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే పెట్టుకొచ్చిందట. ఏడుస్తున్న పిల్ల నాలుక వెనక్కి మొదటి చుక్క వేసింది. పిల్ల మింగింది.

ఇరవయ్యొకటో తేదీకి మేం ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాం. పొద్దున్నే వార్డులో ఆడవాళ్లు కిటికీలకి దుప్పట్లు కట్టేశారు. అదే సమయానికి నర్సు వచ్చి, పిల్ల ఒళ్లు కాస్త పచ్చగా ఉంది, లేత ఎండ చూపించండి అంది. వార్డంతా నోరెళ్లబెట్టింది. అమ్మ పిల్లని ఎత్తుకుని బయటికి నడిచింది. కుట్లు లాగుతున్నా నేనూ గోడ పట్టుకుని మెల్లగా వెనకే వెళ్లాను. ఆవరణలో ఎవరూ లేరు. అమ్మ సిమెంటు చప్టా మీద కూర్చుని పిల్లకి చుట్టిన బట్ట విప్పేసింది. ఆ చీలిన పెదవి మీద, ఆ పచ్చటి పొట్ట మీద ఎండ పడింది. పిల్ల కళ్లు చిట్లించింది.

పక్క మంచం వాళ్ల ముసలావిడ లక్ష్మణమ్మ ఉండబట్టలేక వెనకే వచ్చింది. ఆవిడది మా పక్క ఊరు. నీడలోనే నిలబడి, పిల్లని చూసి, నన్ను చూసి, అమ్మని పట్టిపట్టి చూసింది. అప్పుడే నాన్న అన్నం క్యారియరు పట్టుకుని గేటులోంచి వచ్చాడు. ఆయన్ని చూడగానే ఆవిడ గుర్తుపట్టేసింది. అప్పట్లో గ్రహణం వేళ దూడ కోసం బయటికెళ్లింది నువ్వే కదమ్మా, పాపం, నీ తప్పేముంది, దూడ తప్పించుకుంటే ఎవరు ఊరుకుంటారు అని జాలి పడింది.

అమ్మ తలెత్తింది. ఆ మాట వస్తుందని నాకు తెలుసు. కానీ ముందు మాట్లాడింది నాన్న.

"దూడ లేదమ్మా," అన్నాడు. క్యారియరు పట్టుకునే దగ్గరికొచ్చి మళ్లీ అన్నాడు. "దూడ లేదు, గీడ లేదు. అది సూద్దామని ఎల్లినాది."

లక్ష్మణమ్మకి ఏం అర్థమైందో ఏమో, లోపలికి వెళ్లిపోయింది. నాన్న క్యారియరు చప్టా మీద పెట్టి, అమ్మకి కాస్త ఎడంగా ఎండలోనే కూర్చున్నాడు.  గ్రహణం రోజున తను గదిలో కళ్లు మూసుకుని, చెవులు కూడా మూసుకుని కూర్చున్నానని నాతో ఎప్పుడో చెప్పాడు. ముప్ఫై రెండేళ్లు ఎందుకెళ్లావని అడిగినవాళ్లే గానీ, ఇంకో మాట అమ్మని అడిగినవాళ్లు లేరు. ఆ మాట ఇప్పుడు ఆయనే అడిగాడు.

"ఏటి కనబడిందే ఆవేళ?"

 అమ్మ పిల్లని రెండో పక్కకి తిప్పి వీపు మీద ఎండ పడేలా పడుకోబెట్టుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పింది. అంత నెమ్మదిగా మా అమ్మ మాట్లాడడం నేను అప్పుడే విన్నాను.

"ముందు కుడితి తొట్టిలో సూశాను. సూరీడు కొడవలంతైపోయాడు. కాకులు గూళ్లకెల్లిపోయాయి. అప్పుడు సీకటి పడిపోయినాది, తలెత్తాను. నల్లటి బిళ్ల మావా, దాని సుట్టూ తెల్లటి ఎలుగు. జుట్టు ఆరబోసుకున్నట్టు ఎటేపు పడితే అటేపు పరుసుకున్నాది. పక్కన పట్టపగలే సుక్కలు. ఈ సైలజ కడుపులో ఒకటే తన్నుడు." ఆగి, ఆయన వైపు తిరిగింది. "ఊరంతటికీ నానొక్కదాన్నే సూశాను. నువ్వూ వస్తే బాగుణ్ణు."

 నాన్న రెండు చేతులూ చాచాడు. మెడ కింద సెయ్యి పెట్టు అని చెప్పి, అమ్మ పిల్లని ఆయన చేతుల్లో పెట్టింది.